డైరెక్ట్ ఇచ్చేస్తే బాగుచేసినట్టు కాదు

బెంగళూరులో పాత కారు నడిపేవాళ్ళు ఏదో ఒక రోజు ఈ మాట వింటారు: "ఫ్యాన్ డైరెక్ట్ ఇచ్చేశాం మేడం, ఇంక టెన్షన్ లేదు." అంటే, ఇంజిన్ నీళ్ళని చల్లబరిచే రేడియేటర్ ఫ్యాన్‌ని, దాని స్విచ్ తప్పించి, ఎప్పుడూ తిరిగేలా కలిపేశామని. నేను రెండేళ్ళ క్రితం విన్నాను, నమ్మాను, డబ్బులిచ్చి ఇంటికొచ్చాను. ఆ మాట ఎందుకు తప్పో తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇంకొకరికి అన్నాళ్ళు పట్టకూడదని ఇది రాస్తున్నాను.

బండి మా నాన్నది. 1998లో హిందూపురంలో కొన్న మారుతి 800, కార్బురేటర్ మోడల్, అంటే ఇంజిన్‌కి కంప్యూటర్ లేనిది. 796 సీసీ, మూడు సిలిండర్లు. పదిహేనేళ్ళు దాటినప్పటి నుంచి ఐదేళ్ళకోసారి ఆర్సీ రెన్యూ చేయించుకుంటూ వస్తున్నాం. ఇంకా దీన్నెందుకు పెట్టుకున్నావని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. బానెట్ ఎత్తితే లోపల ఏం జరుగుతోందో నాకు అర్థమవుతుంది. అందుకే పెట్టుకున్నాను.

రెండేళ్ళ క్రితం ఏప్రిల్‌లో, మధ్యాహ్నం పూట, టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. ఎప్పుడూ సగం దాటని టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. బండిని పక్కకు తీసేసరికి బానెట్ అంచుల్లోంచి ఆవిరి వస్తోంది. దగ్గర్లో టూవీలర్లు బాగుచేసే పెద్దాయన ఒకాయన వచ్చి, ముందు చెప్పిన మాట: "రేడియేటర్ మూత ముట్టుకోవద్దమ్మా." అరగంట ఆగాం. రిజర్వ్ డబ్బాలో నీళ్ళున్నాయి, బెల్టు బాగానే ఉంది. ఆయన ఫ్యాన్ స్విచ్ కనెక్టర్ పీకి, అందులోని రెండు తీగలను చిన్న వైరు ముక్కతో కలిపాడు. తాళం తిప్పగానే ఫ్యాన్ గిర్రున తిరిగింది. అంటే మోటారు బాగుంది, ఫ్యూజు బాగుంది, పోయింది స్విచ్చే. "ఇది ఇంటికి చేరేదాకానే. తర్వాత స్విచ్ మార్పించుకో" అని మరీ మరీ చెప్పి పంపాడు. ఆయన చేసింది నూటికి నూరు పాళ్ళు సరైన పని.

తప్పు ఆ తర్వాత జరిగింది. స్విచ్ మార్చమని ఒక గ్యారేజీలో ఇస్తే, సాయంత్రానికి ఆ రెండు తీగలనూ మెలేసి టేపు చుట్టి ఇచ్చారు. "ఆ స్విచ్ దొరకదు మేడం, దొరికినా నిలవదు. ఇలా అయితే తాళం తిప్పితే చాలు, ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది." ఇంటికి చేరేదాకా అని చేసిన ఏర్పాటు రెండేళ్ళ ఏర్పాటైపోయింది.

అసలు ఆ స్విచ్ ఏం చేస్తుందో చెప్పాలి. అంబాసిడర్‌లోనూ, పద్మినీలోనూ ఫ్యాన్‌ని ఇంజినే బెల్టుతో తిప్పేది. ఇంజిన్ తిరిగినంతసేపూ ఫ్యాన్ తిరగాల్సిందే. మారుతి 800లో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది, ఫ్యాన్‌ని కరెంటు మోటారు తిప్పుతుంది. కాబట్టి ఎప్పుడు తిప్పాలి, ఎప్పుడు ఆపాలి అని ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఆ నిర్ణయం బొటనవేలంత ఇత్తడి ముక్కది. అది మరలతో ఇంజిన్ నీళ్ళలోకి బిగుసుకుని ఉంటుంది. దాని లోపల రెండు లోహాలు అతికించిన చిన్న బిళ్ళ. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, ఇంకొకటి తక్కువ. ఒక హద్దు దాటగానే, డబ్బా మూత మీద వేలితో నొక్కితే టప్పున లోపలికి పోయినట్టు, బిళ్ళ అటు తిరగబడుతుంది. కాంటాక్టులు కలుస్తాయి. ఇస్త్రీ పెట్టెలో టిక్కుమనేది కూడా ఇలాంటి ఏర్పాటే. 98 డిగ్రీల దగ్గర కలిసే స్విచ్ మళ్ళీ 98కే విడిపోదు, ఇంకో నాలుగైదు డిగ్రీలు దిగాక విడిపోతుంది. ఆ తేడా లేకపోతే ఫ్యాన్ నిమిషానికి పదిసార్లు మొదలై ఆగుతూ ఉంటుంది.

హిందూపురం రోడ్డు మీద అరవైలో పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌కి చాలు, ఫ్యాన్ అక్కర్లేదు. అందుకే స్విచ్ పోయిన బండి హైవే మీద నెలల తరబడి ఏమీ ఎరగనట్టు నడుస్తుంది, ఊళ్ళోకి వచ్చి సిగ్నల్ దగ్గర ఆగిన రోజున బయటపడుతుంది. మీ బండి హైవేలో చల్లగా ఉండి ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కుతుంటే మొట్టమొదట చూడాల్సింది ఫ్యాన్ తిరుగుతోందా లేదా అని.

డైరెక్ట్ ఇస్తే నష్టమేంటి? కొందరు చెప్పేంత నష్టం లేదు, ముందు అది ఒప్పుకోవాలి. థర్మోస్టాట్ వాల్వ్ బాగుంటే ఫ్యాన్ ఎంతసేపు తిరిగినా ఇంజిన్ మరీ చల్లబడిపోదు. నీళ్ళు వేడెక్కేదాకా వాల్వ్ రేడియేటర్ వైపు దారి తెరవదు కనుక. అయితే ఫ్యాన్ డైరెక్ట్ ఇచ్చే చేతులే చాలాసార్లు "ఇది కూడా ఎందుకు" అని ఆ వాల్వ్‌నీ పీకేస్తాయి. అప్పుడు ఇంజిన్ చలికాలం పొద్దున సరిగ్గా వేడెక్కనే వేడెక్కదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ పాడవుతుంది. నా బండిలో వాల్వ్ మిగిలింది, అది నా అదృష్టం.

కరెంటు సంగతి వేరు. నా ఫ్యాన్ 8 ఆంపియర్లు తీసుకుంటుంది, మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు. అదంతా తాళం స్విచ్ కాంటాక్టుల మీదుగా, పాతికేళ్ళు దాటిన తీగల మీదుగా, తాళం తిప్పి ఉన్నంతసేపూ పోతూనే ఉంది. ఒక రోజు చాలాసేపు నడిపి ఆపాక తాళం పెట్టే చోట చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. మల్టీమీటర్‌తో చూస్తే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, ఫ్యాన్ కనెక్టర్ దగ్గర 11.4. మిగతా 2.4 వోల్టులు తీగల్లో, కాంటాక్టుల్లో వేడిగా పోతోంది. పైగా, ఆ కాస్త వోల్టేజీతో ఫ్యాన్ కూడా నీరసంగానే తిరుగుతోంది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో సిల్క్ బోర్డ్ దగ్గర ఆ ఫ్యాన్ కూడా ఆగిపోయింది. ఈసారి స్విచ్ లేదు కాబట్టి పోయింది మోటారే. విప్పి చూస్తే లోపలి కార్బన్ బ్రష్షులు అరిగి స్ప్రింగు అంచుకొచ్చాయి. డైరెక్ట్ వల్లే పోయిందని ఒట్టేసి చెప్పలేను, మోటారు వయసూ తక్కువ కాదు. కానీ రోజుకు పది నిమిషాలు తిరగాల్సిన మోటారుని రెండేళ్ళు గంటల కొద్దీ తిప్పాను. ఇంజిన్ హెడ్, అంటే సిలిండర్ల మీది మూత, అల్యూమినియంది, వేడికి ఇనుముకన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. ఇంకో ఐదు నిమిషాలు అలాగే నడిపి ఉంటే హెడ్ వంగి, దాని కింద సీలులా ఉండే గ్యాస్కెట్ పోయేది. ముల్లు ఎక్కుతుండటం చూసి వెంటనే ఆపేశాను కాబట్టి బతికింది.

ఆ రాత్రి మా తమ్ముడితో వాదన జరిగింది. వాడు కార్ల సాఫ్ట్‌వేర్ పనిలోనే ఉన్నాడు. "అక్కా, కొత్త కార్లలో కూడా టెంపరేచర్ సెన్సార్ పోతే కంప్యూటర్ ఫ్యాన్‌ని ఆపకుండా తిప్పేలా రాస్తారు. గ్యారేజీ వాళ్ళు చేసిందీ అదే కదా?" మంచి ప్రశ్న. ఒక పూటంతా ఆలోచించాను. కొత్త కారు కంప్యూటర్ ఫ్యాన్‌ని ఆపకుండా తిప్పుతుంది నిజమే, దాంతోపాటు డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగిస్తుంది. నాకు బాగాలేదు, ఎవరికైనా చూపించు అని చెబుతుంది. నా బండిలో మెలేసిన తీగలు ఎవరికీ ఏమీ చెప్పలేదు. పైగా బండి చెప్పగలిగిన ఇంకెన్నో సంగతుల్ని నొక్కేశాయి. ఫ్యాన్ ఎంత తరచుగా మొదలవుతోంది, ఎంతసేపటికి ఆగుతోంది అన్నది ఇంజిన్ ఆరోగ్యం గురించి చాలా చెబుతుంది. ఎప్పుడూ తిరిగే ఫ్యాన్ ఏమీ చెప్పదు. ఇది నాకు తర్వాత కళ్ళారా తెలిసింది, ఆ సంగతి చివర చెబుతాను.

డాష్‌బోర్డులో చేత్తో వేసుకునే స్విచ్ పెట్టించుకోవడం ఇంకో పద్ధతి. దాని మీద నాకు నమ్మకం లేదు. ఫోన్ మోగుతుంది, వెనక సీట్లో పిల్లవాడు ఏడుస్తాడు, వాన పడుతుంది. ఒక్క రోజు మర్చిపోతే చాలు. అసలు స్విచ్‌కి తోడుగా, అది పోయినప్పుడు ఆదుకోవడానికి పెట్టుకుంటే అభ్యంతరం లేదు. దాని బదులుగా మాత్రం వద్దు.

స్విచ్ దొరకదన్నారు కదా, జేసీ రోడ్డులో రెండో షాపులోనే దొరికింది. 350 రూపాయలు. పాతది చేతిలో పట్టుకుని వెళ్ళాను. మర సైజు, పిన్నులు, ఒంటి మీద చెక్కిన డిగ్రీలు, మూడూ కలవాలి. అక్కణ్ణుంచి ఎస్పీ రోడ్డుకి పోయి 12 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపి విడదీసే స్విచ్), దాని సాకెట్, ఫ్యూజ్ హోల్డర్, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, సన్న వైరు, తీగ చివర్లకి బిగించే లగ్గులు కొన్నాను. కొత్త మోటారుతో కలిపి కూడా గ్యాస్కెట్ పని ఖర్చులో కొంతే.

కొత్త స్విచ్ బిగించే ముందు పరీక్షించుకోవడం మంచిది. అందరూ చెప్పే పద్ధతి ఇది: గిన్నెలో నీళ్ళు మరిగించి స్విచ్ ఇత్తడి భాగాన్ని ముంచి, మల్టీమీటర్ పిన్నులకు పెట్టి బీప్ వస్తుందో లేదో చూడటం. బీప్ అంటే కాంటాక్టులు కలిసినట్టు. అలాగే చేశాను. నీళ్ళు తెర్లుతున్నాయి, స్విచ్ ఉలకలేదు, పలకలేదు. పది నిమిషాలు చూశాను. జేసీ రోడ్డు ఆయన పనికిరానిది అంటగట్టాడనుకుని కోపమొచ్చింది. థర్మామీటర్ తెచ్చి గిన్నెలో పెడితే 97 దగ్గర నిలబడిపోయింది. మంట పెంచినా కదల్లేదు. అప్పుడు వెలిగింది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి మూతలేని గిన్నెలో నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి. స్విచ్ మీద చెక్కింది 98. ఇదే పరీక్ష చెన్నైలో చేస్తే స్విచ్ పాసయ్యేది, నా వంటింట్లో ఫెయిలైంది. తప్పు స్విచ్‌ది కాదు, ఊరి ఎత్తుది.

ఉప్పు వేద్దామా అనుకున్నాను. లీటరుకి దాదాపు 60 గ్రాములు వేస్తే పెరిగేది ఒక్క డిగ్రీ. దానికన్నా పాత పెయింటు డబ్బాలో, రేడియేటర్‌లో పోసే కూలెంట్, నీళ్ళు సగం సగం కలిపి, బాల్కనీలో ఎలక్ట్రిక్ స్టవ్ మీద పెట్టాను. ఆ మిశ్రమం మరుగు వంద దాటుతుంది. వంట గిన్నెల్లో ఈ పని ఎవరూ చేయొద్దు, కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. పిల్లలూ కుక్కలూ దగ్గర లేకుండా చూసుకోండి, తలుపు తెరిచి పెట్టండి. 98 దాటీ దాటకముందే మల్టీమీటర్ బీప్ అంది. స్టవ్ ఆపేశాక 93కి దిగుతుండగా ఆగింది. మంచి స్విచ్. దాన్ని అనుమానించినందుకు బాధపడ్డాను.

ఈ 97 అంకె వంటింటితో ఆగదు. రేడియేటర్ మూత మామూలు మూత కాదు, స్ప్రింగున్న వాల్వ్. నా బండి మూత మీద 0.9 అని ఉంటుంది. లోపల ఒత్తిడి అంతకు పెరిగేదాకా నీళ్ళని బయటికి వదలదు, ఆ ఒత్తిడిలో మరుగు దాదాపు 20 డిగ్రీలు పైకి జరుగుతుంది. మూత రబ్బరు చచ్చిపోయి ఒత్తిడి నిలవకపోతే, అందులో కూలెంట్ బదులు ఉత్త నీళ్ళే ఉంటే, ఈ ఊళ్ళో నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి, ఫ్యాన్ 98కి గానీ మొదలవదు. స్విచ్ కొత్తదైనా బండి పొంగుతుంది. అప్పుడు మళ్ళీ "చూశారా, స్విచ్ నిలవదని చెప్పాంగా" అంటారు. స్విచ్‌తోపాటు మూత కూడా మార్చండి. వేడి ఇంజిన్ మీద ఆ మూత తెరవకూడదనడానికీ ఇదే కారణం. తెరిచిన క్షణంలో ఒత్తిడి పడిపోతుంది, నూరు దాటి ఉన్న నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి లేస్తాయి.

ఇక వైరింగ్. మొదట ఉన్నట్టే మోటారు కరెంటంతా స్విచ్ గుండా పంపొచ్చు. కానీ కలిసిన ప్రతిసారీ, విడిపోయిన ప్రతిసారీ లోపల రవ్వలు రేగి కాంటాక్టులు కాలుతాయి. నా పాత స్విచ్‌ని కోసి చూస్తే లోపల నల్లగా మాడి ఉంది. రిలే పెడితే స్విచ్ మోయాల్సింది రిలే కాయిల్ కరెంటు మాత్రమే, 0.15 ఆంపియర్ దరిదాపుల్లో. యాభయ్యో వంతు. "దొరికినా నిలవదు" అన్న మాటకి జవాబు ఇదే: నిలవకపోవడానికి కారణం దాని మీద వేసిన బరువు.

ముందుగా చల్లటి ఇంజిన్ మీద బ్యాటరీ నెగటివ్ తీగ తీసేశాను. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు. అది దూరంగా పెడితే మధ్యలో తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు కాపాడేవాళ్ళుండరు. ఫ్యూజు నుంచి లావు వైరు రిలే 30 నంబరు కాలికి, 87 నుంచి ఫ్యాన్ ప్లస్‌కి. ఫ్యాన్ మైనస్‌ని పెయింటు గీకి, లగ్గు వేసి బాడీకి బిగించాను. సన్న వైర్లలో ఒకటి తాళం తిప్పితే కరెంటు వచ్చే లైను నుంచి 86కి. 85 నుంచి ఇంకొకటి థర్మో స్విచ్‌కి, స్విచ్ రెండో పిన్ను ఎర్త్‌కి. లోపల డయోడ్ ఉన్న రిలే అయితే ఆ రెండు కాళ్ళూ తారుమారు కాకూడదు, రిలే మీద గీసిన బొమ్మ చూసుకోవాలి. కొన్ని బండ్లలో స్విచ్‌కి ఒకటే పిన్ను ఉంటుంది, ఎర్త్ దాని ఒంటి మరల ద్వారానే అందుతుంది. అలాంటి దానికి మరల మీద టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ఎర్త్ సరిగ్గా అందకపోవచ్చు. కొత్త వాషర్ వేసి, మొదటి చుట్లు చేత్తోనే తిప్పి, ఆ తర్వాతే స్పానర్ పట్టండి. స్విచ్ దిగేది అల్యూమినియంలోకి, బలం చూపిస్తే మర పోతుంది. ఫ్యాన్‌తో సమాంతరంగా డాష్‌బోర్డులో చిన్న పచ్చ లైటు పెట్టాను. ఫ్యాన్‌కి కరెంటు అందితే వెలుగుతుంది.

ఇదంతా పాత కార్బురేటర్ బండ్ల సంగతి. కంప్యూటరున్న కార్లో ఉండేది చాలావరకు స్విచ్ కాదు, సెన్సార్. దాని తీగలు కలిపితే కంప్యూటర్‌కి తప్పుడు వేడి చెప్పినట్టవుతుంది. అక్కడ ఈ పని చేయకండి.

కూలెంట్ నింపి, లోపలి గాలి బుడగలు పోయేదాకా మూత తీసి నడిపి, తర్వాత మూత బిగించి కూర్చున్నాను. ముల్లు సగానికి వచ్చింది, ఇంకొంచెం పైకి. రిలే టిక్కుమంది, పచ్చ లైటు వెలిగింది, ఫ్యాన్ నాకు గుర్తున్నంతలో ఎప్పుడూ తిరగనంత గట్టిగా తిరిగింది. కనెక్టర్ దగ్గర 13.4 వోల్టులు. పట్టరాని సంతోషం.

కానీ అది ఆగలేదు. రెండు నిమిషాలు, ఐదు, ఎనిమిది. బండి నిలబడే ఉంది, సాయంత్రపు చల్లగాలి ఉంది, ఏసీ లేదు. కొత్త మోటారు ఇంత గాలి కొడుతున్నా నీళ్ళు 93కి ఎందుకు దిగట్లేదు? ఇంజిన్ ఆపి, తాళం తీసి పక్కన పెట్టి, రేడియేటర్‌ని జాగ్రత్తగా తడిమి చూశాను. పైన సలసల కాలుతోంది. కింద సగంలో మధ్య భాగం దాదాపు చల్లగా ఉంది. అంటే అక్కడి గొట్టాల్లో నీళ్ళు పారట్లేదు.

కలాసిపాళ్యలో రేడియేటర్ పని చేసే ఆయన పై ట్యాంకు విప్పి చూపించాడు. గొట్టాల మూతుల్లో చింతపండు రంగు పెళ్ళ. "బోరు నీళ్ళు పోశారామ్మా?" అని అడిగాడు. పోశాం. హిందూపురంలో పోశాం, ఇక్కడా పోశాం, అన్నేళ్ళూ. సన్న కడ్డీలు దింపి గొట్టాలన్నీ శుభ్రం చేశాడు. ఈ అడ్డు నిన్న మొన్నటిది కాదు. రెండేళ్ళ క్రితం స్విచ్ మార్చి ఉంటే, ఫ్యాన్ అప్పుడే ఇలా ఎక్కువసేపు తిరిగి నాకు చెప్పేది. మెలేసిన తీగలు దాన్ని చెప్పనివ్వలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే.

ఇప్పుడు ట్రాఫిక్‌లో ఫ్యాన్ నిమిషంన్నర తిరిగి ఆగుతుంది. టిన్ ఫ్యాక్టరీ పెద్దాయన వాడినలాంటి చిన్న వైరు ముక్క ఒకటి డాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాను, రెండు చివర్లకీ లగ్గులు వేసి. దానికి కట్టిన కాగితం మీద ఆయన మాటే రాశాను: ఇంటికి చేరేదాకానే.

పోయిన నెల నాన్నని ఎక్కించుకుని హిందూపురం వెళ్ళాను. దారిలో దొడ్డబళ్ళాపురం ఊళ్ళో ఒక్కచోటే ట్రాఫిక్ ఆగింది. పచ్చ లైటు వెలిగింది. "ఇదేంది పాపా?" అన్నాడు. "ఫ్యాన్ నాన్నా, తిరుగుతోంది" అన్నాను. అది ఆరేదాకా దానివైపే చూస్తూ కూర్చున్నాడు.